చదివిపెట్టే మనిషి: పత్తి, మిరప నేలల్లో పెద్ద వయసు చదువుల చరిత్ర

కృష్ణ కుడిగట్టు నుంచి సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేటల మీదుగా అద్దంకి, దర్శి దాకా పరుచుకున్న మెట్టనేలల్లో వ్యవసాయం చాలాకాలం రెండు రకాల చదువుల మీద నడిచింది. ఒకటి చేతి చదువు, రెండోది కాగితం చదువు. నేల పదును, విత్తు పడవలసిన లోతు, కాయ ఎండిన తీరు, తీసిన పత్తిలో మిగిలిన తేమ వంటివి వేళ్లకూ కళ్లకూ చెవులకూ తెలిసే సంగతులు కాబట్టి, మొదటి చదువు వయసుతోపాటు ముదిరేది, ఊళ్లో దానికి పెద్దలే పండితులు. శిస్తు రసీదు, అప్పు పత్రం, అడంగల్ వంటి వాటిని చదవగలిగే రెండో చదువు మాత్రం ఊరికి కొద్దిమంది దగ్గరే ఉండేది, తక్కిన వారందరూ అవసరం పడినప్పుడల్లా దాన్ని అరువు తెచ్చుకునేవారు. గత వందేళ్లలో ఈ నేలకు వచ్చిన ప్రతి కొత్త సాధనాన్నీ పెద్ద వయసువారు పట్టుకోగలిగారా, లేక ఇంకొకరి చేతికి అప్పగించారా అన్నది, ఆ సాధనం ఈ రెండింటిలో ఏ చదువును అడిగిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడింది. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను పెద్దవాళ్ల మీద ప్రయోగించేవారు సాధారణంగా ఈ తేడాను గమనించరు.

చేతి చదువు ఎంత సూక్ష్మమైనదో తెలియాలంటే పాతకాలపు విత్తకం చూడాలి. గొర్రు అంటే ఎద్దులు లాగే విత్తనపు సాధనం. దాని పళ్లు చేసిన చాళ్లలోకి గింజ జారడానికి గొట్టాలతో కలిపి అమర్చిన చెక్కగిన్నెను జడ్డిగం అంటారు. గొర్రు వెనుక నడుస్తూ పిడికిట్లోంచి గింజను జడ్డిగంలోకి సమంగా వదిలే పని చాలాచోట్ల ఆడవాళ్లదే. చెయ్యి ఒక్క క్షణం బిగిస్తే చాలు ఖాళీ పడేది, వదులైతే మొలక గుంపులు కట్టేది. పత్తి గింజకు నూగు ఉంటుంది కాబట్టి గింజలు ఒకదానికొకటి అంటుకుని జడ్డిగంలో దిగవు. అందువల్ల విత్తే ముందు వాటిని పేడతోనూ మట్టితోనూ కలిపి రుద్ది ఆరబెట్టి, విడివిడిగా రాలేట్టు చేసేవారు. ఎంత పేడ, ఎంత మట్టి, ఎంతసేపు ఆరాలి అన్న కొలత ఏ పుస్తకంలోనూ లేదు, చేసేవారి అరచేతిలో ఉండేది.

కాగితం వైపున పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. ఊరి భూముల లెక్కలు రాసే కరణం వాడిన గొలుసుకట్టు రాత, అంటే కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి సాగదీసే రాత, బడిలో అచ్చు తెలుగు నేర్చుకున్నవారికి కూడా అందేది కాదు. చదువురాని రైతు పత్రం మీద నిశానీ పెట్టేవాడు. నిశానీ అంటే సంతకానికి బదులుగా వేసే గుర్తు. తొలుత అది అడ్డగీత, నిలువుగీత కలిపిన కొక్కెం, తరువాత ఎడమచేతి బొటనవేలి ముద్ర. ముద్ర చుట్టూ ఫలానావారి నిశానీ అని పేరు రాసేది మాత్రం దస్తావేజు రాసే లేఖరే కాబట్టి, వేలు రైతుది, పేరు లేఖరి చేతిది. ప్రపంచమంతా తరువాత అందిపుచ్చుకున్న ఈ వేలిముద్రల పద్ధతికి పుట్టిల్లు కూడా భారతదేశమే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించుకోవడంతో అది మొదలైంది, 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. సంతకం చేయలేనివారిని గుర్తుపట్టడానికి పనికొచ్చిన ఆ బొటనవేలే, పల్లెల్లో వేలిముద్రగాడు అన్న ఎగతాళి మాటకు కూడా మూలమైంది.

స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకు, పంటతో సంబంధం లేని ఒక కొత్త విద్య ఊరి పెద్దలందరి మీదా ఒకేసారి పడింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, 1956 నాటి తూనికల కొలతల చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుంచి కిలోలు దశలవారీగా అమలయ్యాయి. అప్పటిదాకా లెక్క వీశెల్లో సాగేది. వీశె అంటే 5 సేర్లు, సుమారు 1.4 కిలోలు, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ, అంటే ఇప్పటి లెక్కలో ఇంచుమించు 225 కిలోలు. ఈ లెక్కలను నోటితో చేయడంలో ఆరితేరిన అరవై ఏళ్ల మనిషి ఒక్కసారిగా పదుల లెక్క ముందు బాలశిక్ష పిల్లవాడయ్యాడు. పైగా మార్పు ఎక్కడా సరిగ్గా అతకలేదు, ఒక అణా 6.25 పైసలకు సమానం కావడంతో ప్రతి చిల్లర బేరంలోనూ ఎవరో ఒకరికి పావు పైసో అర పైసో నష్టం కనిపించేది. అయినా ఒక తరం గడిచేలోపు కిలో నాటుకుపోయింది, ఎందుకంటే తూనికరాయిని చేత్తో ఎత్తి చూడవచ్చు, పాత వీశెరాయి పక్కన పెట్టి పోల్చవచ్చు. నేల విషయంలో అలాంటి రాయి లేదు కాబట్టే కాబోలు, హెక్టారు ఇప్పటికీ సర్కారు నివేదికల్లోనే ఉంది, పొలం గట్టు మీద ఎకరాలూ సెంట్లే చెల్లుతున్నాయి. జిన్నింగు మిల్లులు దూదికి నేటికీ 356 కిలోల కండి లెక్కన ధర కట్టడం చూస్తే, కొత్త కొలతలు నేర్చుకోవడంలో వెనుకబడేది ముసలి రైతు ఒక్కడే కాడని తెలుస్తుంది.

అసలైన పరీక్ష నీటితో వచ్చింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద, తరతరాలుగా వాన కోసం ఆకాశం వైపు చూసిన పల్నాడు, ఒంగోలు ప్రాంతాల రైతులు ఆరుతడి సేద్యం నేర్చుకోవలసి వచ్చింది. ఆరుతడి అంటే వరిమడిలా నీరు నిలబెట్టకుండా, నేల ఆరేదాకా ఆగి మళ్లీ తడి ఇచ్చే పద్ధతి. రేగడి నేల ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బిగుసుకుని నీరు ఇంకనివ్వదు; దాని మీద కాలువ నీటిని ఎప్పుడు కట్టాలో, ఎప్పుడు కట్టేయాలో వాన సేద్యపు అనుభవం చెప్పలేదు. మూడేళ్లకు, 1970 ఫిబ్రవరి 2న, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా, అంటే ఇప్పటి ప్రకాశం, ఏర్పడింది. అదే ఏడాది గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రం నుంచి హెచ్-4 అనే తొలి సంకర పత్తి విడుదలైంది, 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి వచ్చింది.

సంకర విత్తనం ఖరీదైనది, జడ్డిగంలో పోసి పారబోసేది కాదు. ఒక్కొక్క గింజను లెక్కపెట్టి నాటాలి కాబట్టి పొలానికి అచ్చు తోలే పద్ధతి వ్యాపించింది. అంటే నిలువుగానూ అడ్డంగానూ గీతలు వేసి, అవి కలిసిన మూలల్లోనే గింజ పెట్టడం. పిడికిలి వాటం మీద బతికిన విత్తకందార్లు వేలితో గింజ గుచ్చే పనికి మారారు, ఎరువు మోతాదులు, మొక్కకూ మొక్కకూ మధ్య దూరాలు కొత్తగా నేర్చారు. ఈ మార్పులో పెద్దవాళ్లు వెనుకబడ్డారని చెప్పడానికి చరిత్రలో ఆధారమేమీ కనిపించదు. మార్పంతా కంటికి కనిపించేదే. ఒకరి చేలో కాయ కాస్తే పక్కవాడు గట్టు మీద నిలబడి చూసి, మరుసటి ఏడు అరెకరంలో వేసి, మూడో ఏట చేనంతా వేసేవాడు. అమెరికాలోని అయోవాలో సంకర మొక్కజొన్న వ్యాప్తి మీద బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. కొత్త విత్తనం సంగతి రైతులకు మొదట చేరవేసింది విత్తనాల అమ్మకందార్లయినా, నమ్మకం కలిగించింది ఇరుగుపొరుగు రైతులేనని, చాలామంది ముందు కొద్దిపాటి నేలలో పరీక్షించి చూశాకే ముందుకు సాగారని అందులో తేలింది. ఇలా నేర్చిన గుంటూరు రైతులు వరంగల్ వైపూ కర్ణాటకలోని రాయచూరు వైపూ వలస వెళ్లి, అక్కడి నేలల్లో పత్తికి తామే గురువులయ్యారు. ఆ గురువుల్లో బడి మెట్లెక్కనివారు తక్కువేమీ కాదు.

గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధనా కేంద్రం 1922 నుంచి పనిచేస్తోంది. ఎల్‌సీఏ 334 వంటి మిరప రకాలు, తెల్లదోమను తట్టుకునే కాంచన పత్తి అక్కడివే. రకం పేరు రైతు నోట అంకెగా స్థిరపడిందంటే కాగితం చదువు సైతం చేతి చదువులో కలిసిపోగలదని అర్థం. త్రీ థర్టీ ఫోర్ అన్న మాటను ఇంగ్లిషులో ఒక్క ముక్క రాని మిరప రైతు ఎంత అలవోకగా పలుకుతాడో గుంటూరు యార్డుకు వెళ్లినవారందరికీ తెలుసు.

కథ అడ్డం తిరిగింది పురుగుమందు దగ్గర. వీపుకు తగిలించుకునే చేతిపంపు వాడటం ఒక పూటలో వచ్చే విద్యే. దాంట్లో ఏం పోయాలి, ఎంత పోయాలి, మళ్లీ ఎన్నాళ్లకు పోయాలి అన్నది మాత్రం గట్టు మీద నిలబడి చూస్తే తెలిసేది కాదు, అది సీసా మీద అక్షరాల్లో ఉంది. 1968 నాటి కీటకనాశనుల చట్టం, 1971 నాటి నిబంధనలు చదువురానివారిని దృష్టిలో పెట్టుకోకపోలేదు. సీసా మీద వజ్రాకారపు గుర్తు కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపు దాని కంటే తక్కువ, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం అన్న ఏర్పాటు అందుకోసమే. అయితే ఆ రంగులు విషం ఎంతటిదో చెబుతాయే గానీ మోతాదు చెప్పవు. మోతాదు చెప్పేది పెట్టెలో మడతలు మడతలుగా పెట్టిన పలుచని కాగితం. దాన్ని విప్పితే దేశంలోని అనేక భాషల్లో ఒకే సంగతి చీమతలంత అక్షరాల్లో ఉంటుంది, అందులో తెలుగు ఎక్కడుందో వెతుక్కోవడమే ఒక పని. నలభై దాటినవారి కంటికి దగ్గరి అక్షరం ఆనకపోవడాన్ని తెలుగులో చత్వారం అంటారు, నలభై అన్న అర్థమిచ్చే సంస్కృత పదం నుంచే ఆ మాట పుట్టింది. చదువు వచ్చిన రైతుకు కూడా చత్వారం వచ్చే వయసు, కుటుంబంలో సేద్యపు నిర్ణయాలు అతని చేతికి వచ్చే వయసు దాదాపు ఒకటే కావడం, ఆ కాగితం అచ్చువేసినవారికి తట్టలేదు. దాంతో కొలత సీసా మూతకు దిగింది, ట్యాంకుకు ఒక మూత, పురుగు ఆగకపోతే రెండు మూతలు.

ఇక్కడ చదివిపెట్టే మనిషి స్థానంలోకి పురుగుమందుల దుకాణదారు వచ్చాడు. కరణానికీ ఇతనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కరణం చదివి చెప్పిన దాంట్లో అతనికి సరుకు అమ్ముడుపోయే లాభం లేదు. దుకాణదారు మాత్రం చదివి చెప్పేవాడూ, సరుకు అమ్మేవాడూ, పంట చేతికొచ్చేదాకా అప్పు పెట్టేవాడూ ఒక్కడే. అయోవాలో అమ్మకందారు చెప్పింది పొరుగువాడి చేలో సరిచూసుకునే వీలుండేది. పురుగుమందు విషయంలో పొరుగువాడు కూడా అదే దుకాణంలో అదే అప్పు మీద అదే సీసా తెచ్చినవాడు కాబట్టి పోల్చి చూసుకోవడానికి చేను మిగలలేదు. 1980ల తొలినాళ్లలో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు మొదట్లో అద్భుతంగా పనిచేశాయి, ఆ అద్భుతమే వాటిని పదేపదే కొట్టించింది. దశాబ్దం నడుమకు తెల్లదోమ విరుచుకుపడింది, 1987-88 పంటకాలంలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ చావకుండా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తినేసింది. ఆంధ్రప్రదేశ్ శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకు నిరోధకత తెచ్చుకుందని, అంటే మందును తట్టుకునే శక్తి దాని సంతతిలో స్థిరపడిందని 1989లో శాస్త్రీయంగా ప్రచురితమైంది. అప్పటికే అప్పులపాలైన పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ జిల్లాల్లో జరిగిపోయాయి. రైతు అజ్ఞానం వల్లే మందులు అతిగా వాడాడన్న మాట అప్పట్లో విరివిగా వినిపించింది. రైతుకు తెలియనిది దుకాణదారుకూ తెలియదు, తెలిసి ఉండవలసిన వ్యవస్థ చాలా ఆలస్యంగా తెలుసుకుంది. అయినా అజ్ఞానమన్న మాట ఆకు మీద మందులాగా కింది వాడి మీదే పడింది.

పెద్దవారికి అక్షరం నేర్పే ప్రయత్నాలు ప్రభుత్వం చేయకపోలేదు, కానీ అవి పెద్దవారిని ఎక్కడ ఆపాయో చూడాలి. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్లవారి కోసం. 1988లో వచ్చిన జాతీయ అక్షరాస్యతా మిషన్ కూడా అదే గీత గీసింది. 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు నిండినవారిలో అక్షరాస్యులు 44 శాతమే కాబట్టి, వయసులో ఉన్నవారికి ముందు నేర్పుదామనుకోవడంలో తర్కం లేకపోలేదు. కానీ వయోజన విద్య అని పేరుపెట్టి 36వ ఏట తలుపు మూసేస్తే, సేద్యం నడిపే మనిషి తలుపు బయటే ఉండిపోతాడు. 2009 నాటి సాక్షర భారత్ ఆ గీతను చెరిపేసింది. అయినా 2017లో పల్లెల్లో ఇంటికి ఒకరికి కంప్యూటరు, ఫోను వాడకం నేర్పేందుకు 6 కోట్ల మంది లక్ష్యంగా మొదలైన కేంద్ర పథకం 14 నుంచి 60 ఏళ్ల లోపువారికే పరిమితమైంది. అరవై దాటినవారి పింఛను, రేషను అప్పటికే వేలిముద్ర యంత్రం మీదకు ఎక్కి ఉన్నాయి.

నేర్పే తీరు మారినప్పుడు ఫలితం మారిందని చూపే నిదర్శనాలు ఇదే నేలలో ఉన్నాయి. ఇండోనేషియాలో 1989లో వరి రైతుల కోసం పుట్టి, తరువాత ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన పద్ధతికి తెలుగులో పొలంబడి అన్న పేరు స్థిరపడింది. అందులో బల్లలు లేవు, పలకలు లేవు. వారానికోసారి రైతులు చేలోకి దిగి, మొక్కకు ఎన్ని పురుగులున్నాయో, వాటిని తినే మిత్రపురుగులు ఎన్నున్నాయో లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని తామే తేల్చుకుంటారు. బొమ్మ గీయడానికి అక్షరం అక్కర్లేదు, ఆకు తిరగేసి చూడటానికి వయసు అడ్డం రాదు. తరువాత డిజిటల్ గ్రీన్ సంస్థ తోడ్పాటుతో మహిళా సంఘాల సమావేశాల్లో, అరచేతిలో పట్టే ప్రొజెక్టరుతో గోడ మీద సేద్యపు వీడియోలు వేసినప్పుడు, అందులో తమవంటి రైతులే తమ యాసలో కషాయం కాచి చూపడంతో, చదువురాని పెద్దవయసు ఆడవాళ్లు సైతం అడగవలసినవి అడిగి నేర్చుకునే వీలు కలిగింది. పొదుపు సంఘం పుస్తకంలో పేరు రాయడానికని నడివయసు దాటాక సంతకం నేర్చుకున్న తరం కూడా ఇదే.

దీనికి భిన్నమైన ఉదాహరణ బీటీ పత్తి. 2002 మార్చిలో అనుమతి పొందిన ఈ విత్తనం 450 గ్రాముల సంచితోపాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనపు పొట్లాన్ని తెచ్చింది. చుట్టూ మామూలు పత్తి వేస్తే పురుగు కొంత అక్కడ బతికి, బీటీని తట్టుకునే పురుగులతో జతకట్టి, నిరోధకత త్వరగా స్థిరపడకుండా చేస్తుందన్నది దాని ఉద్దేశం. పురుగును చంపే విత్తనం కొని, పురుగును పెంచడానికి చుట్టూ చోటు వదలమన్న ఈ మాట ఏ వయసు రైతుకైనా వింతే, దాన్ని చెప్పింది మళ్లీ ఒక కాగితమే. పొట్లం చాలామంది గట్టున పారేశారు, కొందరు మొలవని చోట్ల గింజ పెట్టడానికి వాడుకున్నారు. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు తిరిగి వచ్చింది.

చేతి చదువుకు కూడా కాలం చెల్లే సందర్భాలు ఉంటాయని 2021-22లో మిరప చూపింది. ఆకు అంచులు పడవలా పైకి ముడుచుకుంటే పై ముడత, దానికి తామర పురుగు కారణం. అంచులు కిందికి వంగితే కింది ముడత, దానికి నల్లి కారణం. ఈ తేడాను మిరప పండించే ఇంట్లో పిల్లలు కూడా చెబుతారు. ఆ ఏడు వచ్చిన నల్ల తామర పురుగు ఆకును వదిలి పూలలో చేరింది. ఆకు చూసి రోగం చెప్పే కన్ను దాన్ని పట్టలేదు. పూత రాలిపోయాక గానీ సంగతి తెలియలేదు. పూవును అరచేతిలో దులిపి, నల్లగా కదిలే నలుసులను ఫోనుతో ఫొటో తీసి పంపడం అప్పుడు ఊరూరా కనిపించింది. ఎక్కడ దులపాలో చూపింది పెద్దవారు, ఫొటో తీసింది వారి మనుమలు.

గుంటూరు మిరపయార్డులో ఈ రెండు చదువులూ ఒకే పాకలో ఎదురుపడతాయి. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం. దాని పక్కన కుట్టు విప్పి తీసిన గుప్పెడు కాయలే మచ్చు. అనుభవమున్న మనిషి కాయను చెవి దగ్గర ఆడిస్తాడు, గింజ గలగలమంటే ఎండింది. తొడిమ దగ్గర విరిచి రంగు చూస్తాడు, రంగు పోయి తెల్లబారిన తాలుకాయ ఎంత కలిసిందో చూపుతోనే అంచనా కడతాడు. 2016 ఏప్రిల్ 14న మొదలైన జాతీయ వ్యవసాయ మార్కెట్ పథకంలో గుంటూరు చేరాక, గేటు దగ్గర సరుకుకు నంబరు పడటం, వ్యాపారి ధరను తెర మీద నమోదు చేయడం, రైతు ఫోనుకు సందేశం రావడం మొదలయ్యాయి. ఇందులో ఇబ్బంది పడింది రైతు ఒక్కడే అనుకోవడం పొరపాటు. ముప్పై నలభై ఏళ్లు ఎర్రగుడ్డ అట్ట చిట్టాల్లో తూకం, కమీషను, కూలి రాసిన గుమాస్తాలు కూడా కీబోర్డు ముందు కొత్త బడిపిల్లలయ్యారు. కాయను మాత్రం నేటికీ చెవి దగ్గరే ఆడిస్తున్నారు.

ఊరి భూముల లెక్కల సంగతికి వస్తే, 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు గొలుసుకట్టు రాత కథ ముగిసింది. ఆ లెక్కలు తరువాత కంప్యూటరులోకి వెళ్లాయి. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలన్న పేరుతో మొదలైన కేంద్రాల్లో ఈ-పంట నమోదు జరుగుతుంది, అంటే ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో యాప్‌లోకి ఎక్కించి, రైతు వేలిముద్రతో ధ్రువీకరించడం. పంటల బీమాకూ మద్దతు ధరకు అమ్మకానికీ ఇదే ఆధారం. 2025లో భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా సమయం ఖాయం చేసుకున్నవారి పత్తినే కొంటామన్నప్పుడు, పత్తి మిల్లు గేటు దాకా వెళ్లే దారి కూడా ఫోనులోంచే పోయింది. ఎగతాళికి గురైన బొటనవేలు ఈ విధంగా తాళంచెవి అయింది. కానీ ఏళ్ల తరబడి గుచ్చుకునే పత్తికాయ డొప్పల్లోంచి దూది తీసిన వేలికీ, ఘాటు మంట పుట్టించే మిరప కోసిన వేలికీ గీతలు అరిగిపోతాయి. యంత్రం ఆ వేలిని ఒప్పుకోదు. తడిగుడ్డతో తుడిచి, వేరే వేలు పెట్టి, అదీ కాకపోతే కనుపాప చూపించి, అదీ కుదరకపోతే ఫోనుకు వచ్చే ఆరంకెల ఓటీపీ చెప్పాలి. ఆ ఫోను చాలాసార్లు పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు దగ్గర ఉంటుంది.

నమోదు ముగిశాక అభ్యంతరాలు చెప్పుకోవడానికని ఈ-పంట జాబితాను కేంద్రం గోడకు అతికిస్తారు. ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు సన్నని గళ్లలో వరుసగా ఉంటాయి. దాని ముందు నిలబడిన పెద్దాయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, వేలితో గళ్ల వెంట కొంతదూరం దిగి, ఆగి, పక్కన ఫోను చూసుకుంటున్న కుర్రవాణ్ని పిలిచి ఇది కాస్త చదివిపెట్టు నాయనా అంటాడు. మొదటిసారి విన్నాక, మళ్లీ మొదటినుంచి చదవమంటాడు.